నెలకు 200 యూనిట్లు దాటకుండా: ఇంట్లో కరెంటు ఎక్కడ కాలుతుందో కనిపెట్టి తగ్గించే పద్ధతి

మార్చి చివర్లో నల్లగొండలో మధ్యాహ్నపు గాలి వేడెక్కడంతో పాటే నాకు ఫోన్లు కూడా మొదలవుతాయి. అందరూ అడిగేది ఒక్కటే: "మేం పెద్దగా ఏమీ వాడటం లేదన్నా, అయినా బిల్లు ఇంత ఎందుకు వచ్చింది?" ఆ మాట అంటున్నప్పుడు వెనక నుంచి ఫ్యాను చప్పుడు వినిపిస్తూనే ఉంటుంది.

ఒక్కొక్కరికి విడిగా చెప్పే బదులు మొత్తం పద్ధతిని వరుసగా ఇక్కడ రాస్తున్నాను. వరుస తప్పించవద్దు. చాలామంది కొలవకుండానే కొత్త వస్తువులు కొంటారు. డబ్బు పోతుంది, బిల్లు మాత్రం అలాగే ఉంటుంది.

1. ముందు బిల్లు లెక్క అర్థం చేసుకోండి

యూనిట్ అంటే వెయ్యి వాట్ల వస్తువు ఒక గంట నడిస్తే కాలే కరెంటు. వంద వాట్ల వస్తువు అయితే పది గంటలకు ఒక యూనిట్. ఈ వ్యాసం మొత్తానికీ ఈ ఒక్క లెక్క చాలు.

తెలంగాణలో 2022 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన గృహ వినియోగ రేట్లు ఇవి. ఇతర చార్జీలు కలపలేదు, యూనిట్ల ధర మాత్రమే చెబుతున్నాను. మీ తాజా బిల్లులో రేటు వేరుగా ఉంటే ఆ అంకెలు వేసుకోండి.

- నెలకు 100 యూనిట్ల లోపు: మొదటి 50కి రూ.1.95, తరువాతి 50కి రూ.3.10
- 100 దాటి 200 లోపు: మొదటి 100కి రూ.3.40, మిగతా వాటికి రూ.4.80
- 200 దాటితే: మొదటి 200కి రూ.5.10, 201 నుంచి 300 వరకు రూ.7.70, 301 నుంచి 400 వరకు రూ.9, ఆపైన ఇంకా ఎక్కువ

100, 200 గీతలు దాటితే పైన కాలిన యూనిట్లకే కాదు, మొదటి యూనిట్ నుంచే రేటు మారిపోతుంది. అసలు దెబ్బ అక్కడే ఉంది. సరిగ్గా 200 యూనిట్లు కాలితే రూ.820. 201 కాలితే రూ.1,027.70. ఆ ఒక్క యూనిట్ ఖరీదు రూ.207.70! 100 దగ్గర కూడా ఇంతే: 100కి రూ.252.50, 101కి రూ.344.80.

గృహజ్యోతి కింద ఉన్న ఇళ్లకు దెబ్బ ఇంకా పెద్దది. 2024 ఫిబ్రవరి చివర్లో మొదలైన ఈ పథకంలో తెల్ల రేషన్ కార్డు ఉన్న ఇంటికి 200 యూనిట్ల వరకు జీరో బిల్లు వస్తుంది. దాటితే మొత్తం బిల్లు కట్టాలి. వేసవిలో 205 యూనిట్లు కాల్చిన ఇంటికి ఆ అయిదు యూనిట్ల ఖరీదు వెయ్యి రూపాయల పైమాటే.

కాబట్టి ముందు మీ లక్ష్యం ఏమిటో తేల్చుకోండి. నెలకు 230 కాల్చే ఇల్లు 195కి రావడం చాలా లాభం. అదే 160 కాల్చే ఇల్లు 150కి వస్తే మిగిలేది రూ.48. అంత చిన్న లాభం కోసం పిల్లలు చదువుకునే గదిలో లైటు తీసేసే తాపత్రయం నాకైతే నచ్చదు.

2. సిద్ధం చేసుకోవలసినవి

- గడిచిన 12 నెలల బిల్లులు. దొరక్కపోతే కరెంటు సంస్థ యాప్‌లో సర్వీస్ నంబరు కొట్టి పాత యూనిట్లు చూసుకోవచ్చు.
- ఒక నోటు పుస్తకం, పెన్ను
- స్టాప్‌వాచ్ ఉన్న ఫోను
- టార్చిలైటు (మీటర్లు ఎక్కువగా మెట్ల కింద చీకట్లోనే ఉంటాయి)
- ఇంట్లో స్విచ్చులు వేసి ఆపడానికి ఇంకొక మనిషి

బిల్లుల్లోని యూనిట్లను నెలల వారీగా ఒక కాగితం మీద రాయండి. డిసెంబరు, జనవరి అంకె మీ ఇంటి మామూలు ఖర్చు. ఏప్రిల్, మే అంకెలోంచి దాన్ని తీసేస్తే వచ్చేది ఎండ ఖర్చు. ఫ్యాన్లు, కూలరు, ఏసీ అన్నీ ఆ తేడాలోనే దాగి ఉంటాయి. చలికాలంలో కూడా 180 దాటుతుంటే ఎండను అనకండి. ఇంట్లో ఏదో వస్తువు రోజంతా తింటోంది.

3. మీటరు చదవడం

ఎలక్ట్రానిక్ మీటరు తెర మీద అంకెలు వాటంతట అవే మారుతుంటాయి. తేదీ, సమయం, వోల్టేజి, గరిష్ఠ డిమాండ్ ఒకదాని తరువాత ఒకటి వస్తాయి. మీకు కావలసింది పక్కన "కేడబ్ల్యూహెచ్" (kWh, అంటే యూనిట్) గుర్తు ఉన్న అంకె మాత్రమే. "కేవీఏహెచ్" అని ఇంకొకటి కనిపిస్తుంది. దాన్ని రాసుకుని బిల్లు తప్పని గొడవపడినవాళ్లు ఉన్నారు.

ఏడు రోజుల పాటు ఉదయం ఒకే సమయానికి, పళ్లు తోముకునేటప్పుడో పాలు తెచ్చేటప్పుడో, ఆ అంకె రాయండి. పక్కన ఆ రోజు విశేషం ఒక్క ముక్క రాయండి: చుట్టాలు వచ్చారు, బట్టలు ఉతికారు, మోటారు రెండుసార్లు వేశారు అని. వారం తిరిగేసరికి ఏ రోజు ఎందుకు పెరిగిందో మీకే తెలుస్తుంది.

మీటరు సీలు జోలికి, మూత జోలికి వెళ్లవద్దు. ఇక్కడ చెప్పే పరీక్షలన్నిటికీ కంటితో చూస్తే చాలు.

4. అన్నీ ఆపితే మీటరు ఆగిందా?

మెయిన్ ఆపవద్దు. ఇంట్లోని ప్రతి స్విచ్చు ఆపండి, ప్లగ్గులు తీయండి. ఫ్రిజ్, రూటరు, ఇన్వర్టర్ కూడా. తరువాత మీటరు మీద మెరిసే చిన్న ఎర్ర దీపాన్ని అయిదు నిమిషాలు చూడండి. అది మెరవకూడదు.

మెరిస్తే ఇంట్లో ఇంకా ఏదో నడుస్తోందని అర్థం. ఎంసీబీలు (మెయిన్ బోర్డులో ఒక్కో లైనును ఆపే స్విచ్చులు) ఒక్కొక్కటిగా ఆపుతూ రండి. ఏది ఆపినప్పుడు మెరవడం ఆగిందో ఆ లైనులోనే వెతకండి.

మా ఇంట్లో మొదటిసారి ఈ పరీక్ష చేసినప్పుడు దీపం సుమారు నలభై సెకన్లకు ఒకసారి మెరిసింది. అన్నీ ఆపేశామని నేనూ మా ఆవిడా వాదించుకున్నాం. చివరికి పడకగది ఎంసీబీ ఆపగానే మెరవడం ఆగింది. గదిలో ఉన్నది ఫ్యాను, లైటు, అంతే. ఇద్దరం కలిసి బీరువా జరిపితే గోడకున్న ప్లగ్గులో పాత టీవీ స్టెబిలైజర్! టీవీ పాడై తీసేసి ఏళ్లయింది. స్టెబిలైజర్ మాత్రం దుమ్ములో కూర్చుని, చెయ్యి పెడితే వెచ్చగా, సన్నగా గుయ్యిమంటూ ఉంది. లెక్క వేస్తే 28 వాట్లు. రోజంతా అంటే నెలకు 20 యూనిట్లు. అన్నేళ్లు దానికి జీతం ఇచ్చి పోషించినట్లయింది.

అన్ని ప్లగ్గులూ తీసినా దీపం మెరుస్తుంటే తడిసిన గోడలో వైరు కరెంటు కారుస్తుండవచ్చు, లేదా పై వాటా, పక్క వాటా వైరు మీ మీటరుకు కలిసి ఉండవచ్చు. ఇది సొంతంగా విప్పే పని కాదు, ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. వచ్చినప్పుడు ఎర్తింగ్ కూడా చూపించుకోండి. కరెంటు కారితే లైను కట్ చేసే ఆర్‌సీసీబీ లేకపోతే పెట్టించుకోండి. అది బిల్లు కోసం కాదు, ప్రాణం కోసం.

5. ఎర్ర దీపంతో ప్రతి వస్తువునూ తూచడం

దీనికి ఏ పరికరమూ కొనక్కరలేదు. మీటరు ముఖం మీద 3200 లేదా 1600 లేదా 6400 అనే అంకె, పక్కన "ఇంప్" అన్న గుర్తు ఉంటాయి. ఒక యూనిట్ కాలడానికి ఆ దీపం అన్నిసార్లు మెరుస్తుందని దాని అర్థం.

పద్ధతి:

1. అన్నీ ఆపి, కొలవాలనుకున్న ఒక్క వస్తువునే వేయండి.
2. దీపం మెరిసిన క్షణాన స్టాప్‌వాచ్ మొదలుపెట్టండి. ఆ మెరుపును సున్నా అనుకోండి.
3. అక్కడి నుంచి పది మెరుపులు లెక్కపెట్టి ఆపండి.
4. మీటరు మీద 3200 ఉంటే 11,250ని ఆ సెకన్లతో భాగించండి. 1600 ఉంటే 22,500ని, 6400 ఉంటే 5,625ని భాగించండి. వచ్చిందే వాట్లు.

మామూలు సీలింగ్ ఫ్యాను నిండు వేగంలో 3200 మీటరు మీద పది మెరుపులకు సుమారు 150 సెకన్లు తీసుకుంటుంది. 11,250ని 150తో భాగిస్తే 75 వాట్లు. ఒక హెచ్‌పీ బోరు మోటారు వేస్తే దీపం సెకనుకు ఒకసారి టపటపా కొట్టుకుంటుంది. ఆ తేడా ఒక్కసారి చూస్తే పిల్లలకు కూడా మళ్లీ చెప్పనక్కరలేదు.

ఎక్కువగా జరిగే పొరపాట్లు రెండు. మొదటి మెరుపునే ఒకటిగా లెక్కపెట్టడం ఒకటి. ఫ్రిజ్‌ను, ఇస్త్రీపెట్టెను, ఏసీని ఇలా కొన్ని సెకన్లు చూసి తేల్చేయడం రెండవది. అవి మధ్యమధ్యలో ఆగుతూ, తగ్గుతూ నడుస్తాయి. ఫ్రిజ్ లెక్క కావాలంటే ఊరికి వెళ్లే రోజున అన్నీ ఆపి ఫ్రిజ్ ఒక్కటే ఉంచి వెళ్లండి. 24 గంటల రీడింగ్ తేడాయే దాని రోజు తిండి.

6. వాట్లు కాదు, గంటలు కలిపి చూడండి

మిక్సీ మోత వింటే గుండె అదురుతుంది. కానీ రోజుకు పది నిమిషాలే తిరుగుతుంది కాబట్టి నెలకు రెండున్నర యూనిట్లకు మించదు. తల మీద చప్పుడు లేకుండా తిరిగే ఫ్యాను ఒక్కటే 36 యూనిట్లు తింటుంది. ఇంట్లో కరెంటు తినేవి మోత చేసేవి కావు, ఎవరూ పట్టించుకోకుండా తిరిగేవి.

నలుగురున్న ఒక మామూలు ఇంటి ఏప్రిల్ లెక్క వేసి చూపిస్తాను. మీ అంకెలు మీరు వేసుకోండి. వాట్లను గంటలతో, ముప్పయి రోజులతో గుణించి వెయ్యితో భాగిస్తే నెల యూనిట్లు.

- ఫ్యాన్లు మూడు, 75 వాట్లు, రోజుకు 16 గంటలు: 108
- కూలరు, 170 వాట్లు, 8 గంటలు: 41
- ఫ్రిజ్, రోజుకు 1.2 యూనిట్లు: 36
- బోరు మోటారు, 1,100 వాట్లు, 40 నిమిషాలు: 22
- టీవీ, 60 వాట్లు, 5 గంటలు: 9
- సెట్‌టాప్ బాక్స్, 12 వాట్లు, 24 గంటలు: 8.6
- ఎల్‌ఈడీ బల్బులు అయిదు, 9 వాట్లు, 6 గంటలు: 8
- ఇస్త్రీ, వారానికి మూడు గంటలు: సుమారు 8
- వైఫై రూటరు, 8 వాట్లు, 24 గంటలు: 5.8
- వాషింగ్ మెషిన్, చన్నీళ్లతో నెలకు 15 ఉతుకులు: సుమారు 4
- మిక్సీ: 2.5

మొత్తం 253. యూనిట్ల ధర రూ.1,428. ఇందులో ఏసీ లేదు, గీజరు లేదు. "ఏమీ వాడటం లేదు" అనే ఇల్లు ఇలాగే ఉంటుంది.

7. తగ్గించే వరుస

మీ జాబితాలో పెద్ద అంకె దగ్గర మొదలుపెట్టండి. మన ప్రాంతపు ఇళ్లలో నేను చూసిన వరుస ఇది.

7.1 ఫ్యాన్లు

మామూలు ఫ్యాను 70 నుంచి 80 వాట్లు తీసుకుంటే బీఎల్‌డీసీ ఫ్యాను (తక్కువ కరెంటుతో తిరిగే కొత్త రకం మోటారు ఉన్నది) నిండు వేగంలో 28 నుంచి 35 వాట్లే తీసుకుంటుంది. పై ఇంట్లో మూడూ మారిస్తే 108 యూనిట్లు 43కి దిగుతాయి. మొత్తం 253 కాస్తా 188 అవుతుంది. గీత కిందికి వచ్చింది కాబట్టి రూ.1,428 బదులు రూ.762. గృహజ్యోతి ఇల్లయితే సున్నా.

మూడూ ఒకేసారి కొనే స్తోమత లేకపోతే ఎక్కువ గంటలు తిరిగేదాన్ని ముందు మార్చండి. జనం అతిథులు చూస్తారని హాల్లో మారుస్తారు. రాత్రంతా తిరిగేది పడకగదిలోది.

- బీఎల్‌డీసీ ఫ్యానును పాత రెగ్యులేటరు మీద పెట్టవద్దు. ఫ్యాను పాడవుతుంది. రెగ్యులేటరు తీయించి నేరుగా స్విచ్చుకు కలపమని చెప్పండి.
- పాత ఫ్యానే ఉంచితే, గోడకు పెద్ద డబ్బాలా ఉండి వేడెక్కే రెగ్యులేటరును మార్చండి. దానితో వేగం తగ్గించినా మిగిలిన కరెంటు వేడిగా పోతుంది. ఎలక్ట్రానిక్ రెగ్యులేటరుతో అయితే నిజంగా తగ్గుతుంది.
- ఫ్యాను నెమ్మదిగా తిరుగుతుంటే మోటారు పోయిందని తీర్మానించకండి. ముందు కండెన్సర్ మార్పించి, రెక్కల దుమ్ము తుడవండి.
- ఖాళీ గదిలో ఫ్యాను గదిని చల్లబరచదు. ఒంటికి గాలి తగిలితేనే దానితో పని.

7.2 కూలరు

నల్లగొండ, మహబూబ్‌నగర్ ఎండ పొడి ఎండ. కూలరు పని చేసేది ఇలాంటి గాలిలోనే. ఏసీతో పోలిస్తే సుమారు ఆరో వంతు కరెంటుతో ఏప్రిల్, మే గడిచిపోతాయి. కానీ చాలా ఇళ్లలో దాన్ని వాడే తీరు తప్పు.

కూలరును గది మధ్యలో పెట్టి తలుపులు మూస్తారు. అరగంటలో గది తడితడిగా, ఒళ్లు జిగటగా అవుతుంది. వెంటనే వేగం పెంచుతారు, పైన ఫ్యాను కూడా వేస్తారు. కూలరుకు బయటి పొడి గాలి కావాలి, లోపలి తేమ గాలి బయటికి పోవాలి. కిటికీలో బయటివైపు బిగించండి, లేదా తెరిచిన కిటికీకి వీపు ఆనించి పెట్టండి. ఎదురు కిటికీ కొంచెం తెరిచి ఉంచండి.

మన బోరు నీళ్ల ఉప్పదనం సంగతి తెలిసిందే. గడ్డి మీద తెల్లగా పెచ్చు కడితే గాలి ఆడదు. మిషన్ భగీరథ నీళ్లు వస్తుంటే కూలరుకు అవే పోయండి. వారానికోసారి అడుగు నీళ్లు వదిలేసి కడగండి. పెచ్చు కట్టిన గడ్డిని వేసవి మొదట్లోనే మార్చండి. వానలు పడ్డాక, గాలిలో తేమ ఉన్నప్పుడు, పంపు ఆపి గాలి మాత్రం వాడండి.

ఒక్క జాగ్రత్త. రేకు కూలరులో నీళ్లు పోసే ముందు ప్లగ్గు తీయాలి, మూడు కాళ్ల ప్లగ్గే వాడాలి. తడి చేతులతో నడుస్తున్న కూలరును ముట్టుకుని పోయినవారి వార్త లేని వేసవి లేదు.

7.3 ఏసీ

ఒకటిన్నర టన్ను ఏసీ గంటకు సగటున ఒక యూనిట్‌కు అటూఇటూగా తీసుకుంటుంది. రాత్రి ఎనిమిది గంటలు వేస్తే నెలకు 240. అంటే ఏసీ రోజూ వేసే ఇల్లు 200లోపు ఉండటం కల్ల. అక్కడ లక్ష్యం 300, 400 గీతలు దాటకపోవడం.

26 డిగ్రీలు పెట్టి సన్నగా ఫ్యాను వేసుకోండి. ఒక్క డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం ఆదా అని ఇంధన సామర్థ్య సంస్థ బీఈఈ చెబుతుంది. 18 పెడితే గది తొందరగా చల్లబడదు, ఆగకుండా నడుస్తుంది, అంతే. వేసవిలో రెండు వారాలకోసారి ఫిల్టరు కడగండి. బయటి యూనిట్‌కు నీడ ఉండాలి కానీ చుట్టూ మూసేయకూడదు.

కొనేటప్పుడు నక్షత్రాలతో పాటు లేబుల్ మీది సంవత్సరం, ఏడాదికి ఎన్ని యూనిట్లు అన్న అంకె చూడండి. ప్రమాణాలు ఎప్పటికప్పుడు బిగిస్తారు కాబట్టి పాత అయిదు నక్షత్రాలు నేటి అయిదుతో సమానం కావు. ఏసీ లేబుల్ మీది అంకె ఏడాదికి 1,600 గంటల వాడకానికి వేసిన లెక్క.

7.4 పై కప్పు

డాబా ఇంట్లో పై అంతస్తు వాళ్ల బాధ వేరు. పగలంతా కాగిన స్లాబు రాత్రి పదకొండు దాకా వేడి దింపుతూనే ఉంటుంది. వేడి గాలినే తిప్పే ఫ్యాను ఎంత వేగంగా తిరిగినా లాభం లేదు. ఫిబ్రవరి చివర్లో డాబా ఊడ్చి, కడిగి, ఎండాక తెల్ల సున్నమో కూల్ రూఫ్ రంగో రెండు పూతలు వేయించండి. తెలంగాణ ప్రభుత్వం 2023లో దీనికోసం ఒక విధానమే తెచ్చింది. సాయంత్రం డాబా మీద నీళ్లు చల్లడం హాయిగానే ఉంటుంది కానీ, ఆ నీళ్లు ఎక్కించడానికి మళ్లీ మోటారు వేయాలి.

7.5 ఫ్రిజ్

- తలుపు సందులో కాగితం పెట్టి మూసి లాగండి. సులువుగా జారి వస్తే రబ్బరు వదులైంది. గోరువెచ్చని సబ్బు నీళ్లతో తుడిచి చూడండి, అయినా పట్టకపోతే మార్పించండి.
- వెనక జానెడు ఖాళీ ఉంచండి. పొయ్యి పక్కన, పడమటి గోడ ఎండ తగిలే చోట పెట్టవద్దు.
- ఈ కాలపు ఫ్రిజ్‌లు చాలావాటికి పక్క గోడలే వేడిని బయటికి వదులుతాయి. పూల కవరు తొడిగితే ఆ వేడి పోదు. కవరు తీసేయండి.
- పైన గడ్డకట్టే ఐసు వేలి మందం కాకముందే కరిగించండి. కత్తితో గీకవద్దు.
- రాత్రి ఫ్రిజ్ ఆపి పొద్దున వేస్తే ఆదా అన్నది భ్రమ. పొద్దున కంప్రెసర్ ఆ లోటంతా తీర్చుకుంటుంది, పాలు విరిగిపోవడం అదనం.

7.6 బోరు మోటారు

వెయ్యి లీటర్ల ట్యాంకు నిండడానికి ఎంత సేపు పడుతోందో ఈ రోజే రాసిపెట్టుకోండి. మూడు నెలల తరువాత మళ్లీ చూడండి. అరగంట పట్టేది ముప్పావుగంట పడుతుంటే నీటి మట్టం పడిపోయి ఉండాలి, లేదా పైపు కారుతుండాలి, లేదా వాల్వు, ఇంపెల్లరు అరిగి ఉండాలి. నీళ్లు రాకుండా మోటారు ఒట్టిగా తిరిగితే కరెంటుతో పాటు మోటారు కూడా పోతుంది.

ట్యాంకు పొంగితేనే మోటారు గుర్తొచ్చే ఇళ్లు ఎన్నో. నిండగానే ఆపే ఫ్లోట్ స్విచ్ పెట్టించండి. మరుగుదొడ్డి ఫ్లష్ ట్యాంకులో బట్టలకు వాడే నీలిమందు నాలుగు చుక్కలు వేసి అరగంట వాడకుండా వదిలేయండి. కింద నీలం కనిపిస్తే అది కారుతోంది. ఆ కారే నీళ్లు ఎక్కించడానికి రోజూ మోటారు తిరుగుతోంది.

7.7 నీళ్లు వేడి చేయడం

చలికాలపు ఖర్చు. ఇరవై లీటర్ల బకెట్ నీళ్లను 25 డిగ్రీల నుంచి 42కి తేవడానికి 0.4 యూనిట్ కావాలి. గీజరుతో కాచినా రాడ్‌తో కాచినా ఇంతే, ఇది ప్రకృతి లెక్క. తేడా అంతా కాగాక ఆపడంలో ఉంది. రాడ్ మీద తెల్ల పెచ్చు కట్టడం వల్ల కరెంటు మరీ ఎక్కువేమీ కాలదు కానీ రాడ్ త్వరగా మాడిపోతుంది. మా దగ్గరి నీళ్లకు రెండేళ్లకోసారి గీజరు లోపలి హీటింగ్ ఎలిమెంట్ విప్పి శుభ్రం చేయించక తప్పదు.

7.8 మిగిలినవి

సెట్‌టాప్ బాక్స్‌ను రిమోట్‌తో కాక గోడ స్విచ్చుతో ఆపండి, ఏడు యూనిట్లు మిగులుతాయి. పాత చోకు ట్యూబులైటు ఇంకా ఉంటే 20 వాట్ల ఎల్‌ఈడీ బ్యాటన్ పెట్టండి. ఇన్వర్టర్ బ్యాటరీ పాతబడి వేడెక్కుతూ, నీళ్లు త్వరగా తగ్గుతుంటే అది ఎప్పుడూ చార్జవుతూనే ఉంటుంది. ప్లగ్గు తీసి, పెట్టి దీపం తేడా చూడండి.

8. వీటి మీద డబ్బు, ఓపిక పెట్టకండి

ప్లగ్గులో పెడితే బిల్లు సగానికి తగ్గిస్తుందని అమ్మే చిన్న పెట్టెలున్నాయి. ఇంటి బిల్లు వేసేది కేడబ్ల్యూహెచ్ మీద. ఆ పెట్టె దాన్ని తగ్గించదు, దానిలోని చిన్న దీపం మీ కరెంటుతోనే వెలుగుతుంది. నమ్మకం లేకపోతే అయిదో అంశంలోని పరీక్ష పెట్టె ఉంచి ఒకసారి, తీసి ఒకసారి చేయండి.

ఫోను చార్జరు ఖాళీగా వదిలేశారని ఇంట్లో పిల్లల్ని తిట్టవద్దు. అది నెలకు పావు యూనిట్ కూడా తినదు.

9. నెల మధ్యలో అదుపు

మీ నెల ఒకటో తేదీన మొదలుకాదు, రీడింగ్ తీసిన రోజున మొదలవుతుంది. ఆ రోజు అంకెను ఒక కాగితం మీద రాసి మీటరు పక్కన అంటించండి. దాని కింద రాయవలసినవి:

- రోజుకు హద్దు: 6.5 యూనిట్లు
- 10వ రోజు: మొదటి అంకె + 65 దాటకూడదు
- 20వ రోజు: + 130 దాటకూడదు
- 25వ రోజు: + 163. దాటితే ఆ అయిదు రోజులు ఇస్త్రీ వాయిదా, కూలరు ఒక గదిలోనే, అందరూ అక్కడే పడక

బిల్లు రాగానే అందులోని రీడింగ్‌ను మీటరుతో సరిచూడండి. రెండు రీడింగుల మధ్య ఎన్ని రోజులున్నాయో కూడా లెక్కపెట్టండి. బిల్లులోని అంకె మీటరు కంటే ఎక్కువగా ఉంటే తేదీ కనిపించేలా మీటరు ఫోటో తీసి, 1912కు ఫోను చేసి ఫిర్యాదు నంబరు తీసుకోండి. మీటరు మీదే అనుమానం ఉంటే రుసుము కట్టి పరీక్షకు రాతపూర్వకంగా అడగవచ్చు. అడిగే ముందు నాలుగో అంశంలోని పరీక్ష ఒకసారి చేసి, బీరువా వెనక కూడా చూసి వెళ్లండి.